ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదని మా అన్నయ్యకెలా తెలుస్తుంది?

"221-జీ అంట చెల్లీ. గ్రూపులో అడిగితే 'ఏపీ బ్రో, నార్మల్, చిల్' అన్నారంట. మనది ఖమ్మం కదా, ఏపీ అని ఎందుకు రాశారు? అడ్రస్ ఏమన్నా తప్పు పడిందా?"

మా అన్నయ్య ఫోన్‌లో ఈ మాట అడిగినప్పుడు నాకు నవ్వు రాలేదు. ఆయన గొంతు వణుకుతోంది. కొడుకు పొద్దున నానక్‌రామ్‌గూడలో అమెరికా చదువు వీసా ఇంటర్వ్యూకి వెళ్లాడు, ఆఫీసరు ఒక చీటీ చేతిలో పెట్టి పంపించేశాడు, సాయంత్రం వెబ్‌సైట్‌లో చూసుకుంటే 'రెఫ్యూజ్డ్' అని కనిపించింది. వదిన అన్నం ముట్టలేదు. బ్యాంకులో పెట్టిన లోన్ సంగతి ఏం చెయ్యాలా అని అన్నయ్య అప్పటికే లెక్కలు వేస్తున్నాడు. పిల్లాడు తానున్న టెలిగ్రామ్ గ్రూపులో అడిగితే వచ్చిన జవాబు ఆ మూడు ముక్కలు.

రాసిన అబ్బాయి తప్పేమీ చెప్పలేదు. 221-జీ అమెరికా వలస చట్టంలో ఒక సెక్షన్. ఇంటర్వ్యూ అయ్యాక ఇంకా కాగితాలు కావాలన్నా, ఏదైనా విడిగా పరిశీలించాలన్నా దాని కింద ఫైలు పక్కన పెడతారు. ఆ పరిశీలన పేరు అడ్మినిస్ట్రేటివ్ ప్రాసెసింగ్, గ్రూపు భాషలో ఏపీ. అది తేలేదాకా వెబ్‌సైట్‌లో 'రెఫ్యూజ్డ్' అనే ఉంటుంది. అదే 214-బీ అనే ఇంకో సెక్షన్ కింద తిరస్కరించారనుకోండి, ఆ దరఖాస్తు కథ అక్కడితో ముగిసినట్టే, మళ్లీ ఫీజు కట్టి మళ్లీ మొదటి నుంచి వెళ్లాలి. మా వాడికి జరిగింది మొదటిది, ఇంట్లోవాళ్లు ఏడ్చింది రెండోది అనుకుని. ఈ నాలుగు ముక్కలు ఎవరైనా విడమరిచి చెప్పి ఉంటే ఆ రాత్రి మా వదిన ఇంత తినేది. పైగా ఇదే ఏపీ గ్రీన్‌కార్డు గ్రూపుల్లోకి వెళ్తే అడ్వాన్స్ పెరోల్ అవుతుంది, అంటే దరఖాస్తు నడుస్తుండగా దేశం దాటి వెళ్లి తిరిగి రావడానికి ఇచ్చే అనుమతి. వెతుక్కున్నవాడికి ఈ రెండింటిలో ఏది ముందు దొరుకుతుందో చెప్పలేం.

అప్పట్నుంచీ నా మనసులో ఒక మాట గట్టిపడింది, ఇక్కడ రాసేస్తున్నాను. పాతవాళ్లు పాతవాళ్లతో ఏ పొడి అక్షరాల్లోనైనా మాట్లాడుకోవచ్చు. కొత్తవాళ్లు ప్రశ్న అడిగినప్పుడు మాత్రం జవాబు పూర్తి మాటల్లో ఉండాలి, ఆ బాధ్యత చెప్పేవాళ్లదే. ఎందుకంటే అర్థం కాని కొత్తవాళ్లు రెండోసారి అడగరు. నేను ఇన్నేళ్లుగా ఈ గ్రూపుల్లో చూస్తున్నాను, అర్థమైనవాళ్లు "మరి అలాగైతే..." అని ఇంకో ప్రశ్న వేస్తారు, అర్థం కానివాళ్లు "ఓకే బ్రో, థాంక్యూ" అని రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి వెళ్లిపోతారు. వెళ్లి ఏదో ఒకటి ఊహించుకుంటారు. ఆ ఊహ మీదే టికెట్లు కొంటారు, సంతకాలు పెడతారు.

గడియారం ఎప్పుడు మొదలైంది?

అన్ని పొట్టి పేర్లతోనూ నాకు గొడవ లేదు. కాలేజీ ఇచ్చే ఐ-20, వీసాకి నింపే డీఎస్-160 లాంటివాటికి ఇంకో పేరు లేదు, అవి ఫారాల పేర్లు, నేర్చుకోవాల్సిందే. పిల్లల్ని పంపిన అమ్మలు ఐ-20 అన్న మాటని రేషన్ కార్డు అన్నంత తేలిగ్గా పలుకుతున్నారు ఇప్పుడు. వీఓ అంటే వీసా ఆఫీసరు అని తెలియకపోయినా కొంపలేం మునగవు. ఓఎఫ్‌సీ, వీఐ దగ్గరకొచ్చేసరికి కొంచెం ఇబ్బంది మొదలవుతుంది. వేలిముద్రలూ ఫొటో ఇచ్చే చోటు (ఓఎఫ్‌సీ) వేరు, వీసా ఇంటర్వ్యూ (వీఐ) జరిగే చోటు వేరు. హైదరాబాద్‌లో మొదటిది హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో, రెండోది నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో. "ఓఎఫ్‌సీ 14, వీఐ 16" అని గ్రూపులో చదువుకుని, రెండూ ఒకచోటే అనుకుని, తెల్లవారుజామున వరంగల్ నుంచి బయల్దేరి నేరుగా కాన్సులేట్ గేటు ముందు నిలబడిన అమ్మాయి నాకు తెలుసు. ఆటో పట్టుకుని సమయానికి చేరింది కాబట్టి సరిపోయింది.

అసలు ప్రమాదం ఇక్కడికి, అంటే అమెరికాకి వచ్చాక మొదలవుతుంది. ఓపీటీ, సీపీటీ. ఒక్క అక్షరం తేడా. రెండూ ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే అనుమతులే కాబట్టి రెండూ ఒకటేనన్న భావన ఎంతమందిలో ఉందో! సీపీటీ చదువు నడుస్తుండగా, ఆ కోర్సులో భాగంగా చేసే పని, దానికి అనుమతి కాలేజీవాళ్లు ఐ-20 మీద రాసిస్తారు. ఓపీటీ ఎక్కువమంది చదువు ముగిశాక వాడుకుంటారు, దానికి ప్రభుత్వం విడిగా కార్డు ఇస్తుంది, 12 నెలలు, సైన్సు, ఇంజినీరింగ్, లెక్కల లాంటి చదువులకు ఇంకో 24 నెలలు. సీపీటీ ఫుల్‌టైమ్‌గా 12 నెలలు వాడేస్తే ఆ డిగ్రీకి ఓపీటీ పోతుంది. ఈ ఆఖరి వాక్యం తెలియకుండా మొదటి ఉద్యోగానికి తలూపినవాళ్లున్నారు.

ఇంకొకటి 'క్లాక్'. "నీ క్లాక్ ఎప్పుడు స్టార్ట్ అయింది?" అని గ్రూపులో అడుగుతారు. ఓపీటీ మొదలయ్యాక ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదు, ఆ లెక్కే క్లాక్. చెన్నై నుంచి వచ్చిన ఒక తెలుగబ్బాయి, చాలా తెలివైనవాడు, ఉద్యోగం దొరికాక క్లాక్ మొదలవుతుందని నమ్మాడు. గడియారం అంటే పని గంటలు కొలిచేది అనుకోవడంలో వింతేముంది? కార్డు మీద రాసి ఉన్న మొదటి తేదీ నుంచే రోజులు కరిగిపోతున్నాయని అతనికి తెలిసేసరికి చాలా రోజులు కరిగిపోయాయి. గ్రూపులో అతని ప్రశ్నకి అప్పటికే ఇద్దరు జవాబిచ్చారు, "ఈఏడీ స్టార్ట్ డేట్ బ్రో" అని ఒకరు, "డీఎస్ఓని అడుగు" అని ఒకరు. రెండూ సరైనవే. ఈఏడీ అంటే ఆ కార్డే అని, డీఎస్ఓ అంటే కాలేజీలో విదేశీ విద్యార్థుల కాగితాలు చూసే అధికారి అని అతనికి తెలిస్తే కదా!

2025 ఏప్రిల్

ఈ సంగతి నాకు అన్నిటికన్నా స్పష్టంగా కనబడింది ఆ నెలలోనే. వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు ఉన్నట్టుండి రద్దయ్యాయి. సెవిస్ అంటే విదేశీ విద్యార్థి చదువుతున్నాడా, ఎక్కడ చదువుతున్నాడు, ఎక్కడ పని చేస్తున్నాడు అని అమెరికా ప్రభుత్వం ఉంచుకునే కంప్యూటర్ రికార్డు. కొందరికి వీసా కూడా రద్దయింది. కోర్టుల్లో కేసులు పడ్డాక నెలాఖరుకి రికార్డులు తిరిగి పెట్టడం మొదలైంది, అది తర్వాతి కథ.

ఆ రోజుల్లో గ్రూపుల్లో తిరిగిన మాట ఒక్కటే, 'రివోక్'. "నాదీ రివోక్ అయింది", "ఫ్రెండ్‌ది రివోక్". ఏది రద్దయింది అని ఎవరూ చెప్పరు. పాస్‌పోర్టులో అంటించే వీసా వేరు, దేశంలో ఉండే హోదా వేరు. వీసా అనేది లోపలికి రావడానికి గుమ్మం దగ్గర చూపించేది, అది రద్దయితే బయటికి వెళ్లి తిరిగి రావడం కష్టం, అంతమాత్రాన ఆ నిమిషమే పెట్టె సర్దుకోవాలని కాదు. సెవిస్ రికార్డు తీసేస్తే అది హోదాకే దెబ్బ, ఉద్యోగం చేసే హక్కు మీద కూడా పడుతుంది. ఒకరికి జరిగినదానికి చెప్పిన సలహా ఇంకొకరు పాటిస్తే? కుర్రాళ్లు రాత్రికి రాత్రి ఇండియా టికెట్లు చూసుకుంటుంటే, "నీకొచ్చిన ఈమెయిల్ కాన్సులేట్ నుంచా, కాలేజీ నుంచా, అది ముందు చెప్పు నాన్నా" అని నేను ఒక్కొక్కరిని విడివిడిగా అడగాల్సి వచ్చింది. లాయరు దగ్గరికి పంపడానికైనా ముందు ఏం జరిగిందో తెలియాలి కదా. నేను లాయర్ని కాను, చాలామందికి నేను చేయగలిగిన సాయం ఆ ఒక్క ప్రశ్నే.

వెతుక్కోవచ్చు కదా?

ఈ మాట నాతో చాలామంది అన్నారు, వాళ్లలో నేను గౌరవించేవాళ్లున్నారు. గ్రూపులో పైన పిన్ చేసిన మెసేజ్ ఉంది, వెతికితే అన్నీ దొరుకుతాయి, లక్షలు ఖర్చు పెట్టి పరాయి దేశం వెళ్లేవాడు ఆ మాత్రం చదువుకోకపోతే ఎలా అని. ఇందులో న్యాయం ఉంది. ఇక్కడ ఎవరూ చెయ్యి పట్టుకుని నడిపించరు, రేపు కాలేజీ అధికారి ఈమెయిల్ రాసినా ఇవే అక్షరాల్లో రాస్తుంది. నేర్చుకోక తప్పదు.

ఇంకో న్యాయం కూడా ఉంది. జవాబు చెప్పేవాళ్లకి ఎవరూ జీతమివ్వడం లేదు. ఆఫీసు నుంచి వచ్చి, పిల్లల్ని పడుకోబెట్టి, నిద్ర ఆపుకుని అదే ప్రశ్నకి మళ్లీ మళ్లీ సమాధానం రాస్తున్న ఒక నెల్లూరు ఆయన్ని నేనెరుగుదును. ఆయనకి వచ్చే మెసేజ్‌లు చూస్తే జాలేస్తుంది. పొట్టి అక్షరాలు లేకపోతే ఆయన పదిమందికి చెప్పేది ఇద్దరికే చెప్పగలడు. ఆయన్ని పట్టుకుని "ఇంకా వివరంగా రాయండి" అనడానికి నాకు నోరు రాదు.

అయినా నా మాట మీద నేను నిలబడతాను. వెతకాలంటే ముందు దేని కోసం వెతకాలో తెలియాలి. 'ఏపీ' అని వెతికితే మా అన్నయ్యకి అమరావతి వార్తలొస్తాయి. పిన్ చేసిన మెసేజ్ తెరిస్తే అందులో మళ్లీ ఇవే అక్షరాలు, ఒకదాన్ని ఇంకోదానితో వివరిస్తూ. పైగా అందరికీ కాదు, మొదటిసారి అడిగినవాడికి మాత్రమే పూర్తిగా చెప్పమంటున్నాను. ఒకసారి తెలిశాక అతనే ఇంకొకరికి చెబుతాడు, నెల్లూరు ఆయన మీద బరువు తగ్గేది అప్పుడే.

అక్షరాలు విప్పి రాసినంత మాత్రాన సరిపోదనేది కూడా నిజమే, ఇది నన్ను చాలాకాలం తికమకపెట్టింది. సీపీటీ అంటే కరిక్యులర్ ప్రాక్టికల్ ట్రైనింగ్ అని రాస్తే ఎవరికి ఏం తెలిసింది? ఓపీటీ అంటే ఆప్షనల్ ప్రాక్టికల్ ట్రైనింగ్, మరి ఇందులో ఆప్షన్ ఎవరిది? పూర్తి పేరు రాయడం కాదు నేను అడిగేది, ఏం జరుగుతుందో చెప్పడం. "నీ కోర్సులో భాగంగా, కాలేజీ రాసిచ్చిన చోట, రాసిచ్చిన తేదీల మధ్య మాత్రమే చేసే ఉద్యోగం" అంటే అర్థమవుతుంది. అలా సులువుగా చెప్పబోయి తప్పు చెబుతామన్న భయం కూడా సరైనదే, అందుకే అసలు పేరు కూడా పక్కన ఉండాలి. రెండూ ఉంటే లాయరుకి చెప్పడానికి పేరు పనికొస్తుంది, తనకి అర్థం కావడానికి మాట పనికొస్తుంది.

ఇంకొకరి సంగతి అందరూ మర్చిపోతారు, ఆ తల్లిదండ్రులు. అప్పు వాళ్ల పేరు మీద ఉంటుంది, పొలమో ఇల్లో వాళ్లది తాకట్టులో ఉంటుంది, వాళ్లు మాత్రం గ్రూపులో ఉండరు. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, మధ్యలో ఈ పొడి అక్షరాలు కలిపితే, కొడుకు ఫోన్ చేతికిచ్చినా వాళ్లు చదవలేరు. ఈనాడు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే మనిషి మా అన్నయ్య.

దాచడానికి పనికొచ్చే మాటలు

ఇప్పటిదాకా చెప్పింది అలసట వల్లా అలవాటు వల్లా వచ్చేది. ఇంకో రకం ఉంది, అది చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. కొన్ని పొట్టి మాటలు చోటు కలిసొస్తుందని పుట్టినవి కావు, పూర్తిగా చెబితే ఎవరూ ఒప్పుకోరని పుట్టినవి.

ఉద్యోగాలు చూపించే కన్సల్టెన్సీలవాళ్లు 'ప్రాక్సీ' అంటారు. నీ బదులు ఇంకొకడు నీ పేరుతో ఇంటర్వ్యూలో మాట్లాడతాడు, నువ్వు పెదవులు కదుపుతావు అని చెబితే ఎంతమంది పిల్లలు సరేనంటారు? '8 ప్లస్ ప్రొఫైల్' అంటారు. నువ్వు ఎనిమిదేళ్లు ఉద్యోగం చేశావని రెజ్యూమేలో అబద్ధం రాస్తాం, అడిగితే నువ్వు కూడా ఆ అబద్ధమే చెప్పాలి అని దాని అర్థం. 'మార్కెటింగ్' అంటారు, ఆ రెజ్యూమే ఊరంతా పంపడాన్ని. నిన్నగాక మొన్న కాలేజీ నుంచి వచ్చిన పిల్లాడు ఈ మాటలన్నీ విని, ఇదంతా ఇక్కడి పద్ధతి కాబోలు, తనకొక్కడికే తెలియదు కాబోలు అనుకుంటాడు. తెలియదని బయటపడితే చిన్నతనం. అందరూ మామూలుగా అంటున్న మాటని "అంటే ఏంటి?" అని అడగడానికి ఇరవై రెండేళ్ల వయసులో ఎంత ధైర్యం కావాలో గుర్తు చేసుకోండి.

'డే-1 సీపీటీ' కథ మనవాళ్లకి తెలియంది కాదు. కాలేజీలో చేరిన మొదటి రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చు అని. మామూలుగా ఒక విద్యా సంవత్సరం చదివాకే ఆ అనుమతి వస్తుంది, కోర్సుకి మొదట్నుంచీ పని అవసరమైన కొన్ని పీజీ చదువులకు మాత్రం మినహాయింపు ఉంది. ఆ మినహాయింపుని నిజాయితీగా వాడే కాలేజీలు లేవని నేననను. కానీ ఆ మూడు ముక్కల చాటున ఏమేం నడిచాయో చూశాం. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ వీసా మోసం కేసులో మూతపడినప్పుడు మన పిల్లల కాళ్లకి రేడియో ట్యాగులు కట్టిన ఫొటోలు ఇళ్లల్లో ఎంత దుఃఖం పెట్టాయి! తిరిగి 2019 జనవరిలో మిచిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. అది ప్రభుత్వమే వల పన్నడానికి పెట్టిన ఉత్తుత్తి కాలేజీ, అందులో పాఠాలూ లేవు, మాస్టార్లూ లేరు. మొదటి విడతలోనే 129 మంది భారతీయుల్ని నిర్బంధించారు, వాళ్లలో తెలుగువాళ్లే ఎక్కువ. విద్యార్థుల్ని చేర్పించిన దళారుల్లోనూ తెలుగువాళ్లున్నారు.

ఆ పిల్లలు అన్నీ తెలిసే చేరారని ప్రభుత్వం వాదించింది. కొందరికి తెలిసే ఉంటుంది, నేను కాదనను. అయితే "క్లాసులు ఉండవు, ఫీజు కడితే చదువుతున్నట్టు కాగితం ఇస్తారు, ఆ కాగితం పట్టుకుని ఉద్యోగం చెయ్యి" అని తెలుగులో చెప్పి ఉంటే, ఆ మాటల్ని యథాతథంగా ఇంట్లో చెప్పమని ఉంటే, ఎంతమంది చేరేవారు? "నాన్నా, సీపీటీ మీద జాబ్ చేస్తున్నా" అంటే తండ్రి సంతోషించాడు.

అందుకే మా అన్నయ్య కొడుక్కి ఒక్కటే చెప్పాను. ఎవరైనా నీకేదైనా దారి చూపిస్తే దాన్ని పొట్టి మాటలు లేకుండా తెలుగులో రాసి మీ నాన్నకి పంపు, పంపడానికి చెయ్యి రాకపోతే నాకు ఫోన్ చెయ్యి. "అత్తా, గ్రూపులో అందరూ చేస్తున్నదే కదా" అన్నాడు. అందరూ చేస్తున్నది రాయడానికి ఇబ్బందేముందిరా అన్నాను.

మేం పెట్టుకున్న పద్ధతి

మా కాలేజీ పూర్వ విద్యార్థులకి ఒక గ్రూపు ఉంది, అందులో కొందరం మాట్లాడుకుని కొత్తగా చేరినవాళ్ల మొదటి ప్రశ్నలకి పూర్తిగా జవాబు రాయాలని అనుకున్నాం. తెలుగు లిపిలో రాయగలిగినవాళ్లు తెలుగులోనే రాస్తున్నారు, టైపు చెయ్యడం రానివాళ్లు వాయిస్ మెసేజ్ పెడుతున్నారు. వాయిస్ మెసేజ్‌తో ఒక చిక్కుంది, తర్వాత వెతికితే దొరకదు. కొంతమందికి ఇదంతా చాదస్తంగా అనిపించి వెళ్లిపోయారు, వాళ్లలో చాలా విషయం తెలిసినవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లు పోవడం నష్టమే. జవాబులు ఆలస్యమవుతున్నాయి. వీసా ఇంటర్వ్యూ స్లాట్లు నిమిషాల్లో అయిపోయే రోజుల్లో ఎవరు ఇంత పొడుగు మెసేజ్ చదువుతారని ఒక కుర్రాడు అడిగాడు, స్లాట్ల విషయంలో అతని మాటే సరి, అక్కడ మేం పాత పద్ధతే ఉంచాం.

మంచి ఏం జరిగిందంటే, ప్రశ్నలు మారాయి. "సీపీటీ ఓకేనా?" అని అడిగేవాళ్లు ఇప్పుడు "నా ఐ-20 మీద ఈ కంపెనీ పేరు లేదు, అయినా చెయ్యొచ్చా?" అని అడుగుతున్నారు. అలా అడగగలిగితే సగం జవాబు వాళ్ల దగ్గరే ఉన్నట్టు.

మా అన్నయ్య కొడుక్కి ఆ తర్వాత వీసా వచ్చింది, ఇప్పుడు ఇక్కడే చదువుతున్నాడు. వాడున్న ఇంకో పెద్ద గ్రూపులో ఒకరోజు ఎవరో అమ్మాయి "ప్రాక్సీ అంటే ఏంటి అన్నా?" అని అడిగింది. ఆ గ్రూపులో నేనూ ఉన్నాను అప్పటికి. ఉన్నదున్నట్టు తెలుగులో రాసి, దొరికిపోతే ఉద్యోగంతో ఆగదు, హోదాకే ముప్పు అని కూడా రాశాను. కొద్దిసేపటికి నా మెసేజ్ కనిపించలేదు, ఆ సాయంత్రానికి నేను కూడా ఆ గ్రూపులో లేను. ఆ అమ్మాయి చదివిందో లేదో తెలియదు. మా వాడు ఇంకా అందులోనే ఉన్నాడు, ఉండమనే చెప్పాను. రూముల సంగతీ క్యాంపస్ ఉద్యోగాల సంగతీ ముందు అక్కడే వస్తాయి, అలాంటి ప్రశ్న మళ్లీ ఎవరైనా అడిగితే విడిగా మెసేజ్ పెట్టి చెప్పడానికి లోపల ఒకడైనా ఉండాలి.